బీడుకు బాకీ తీర్చే లెక్క

అనంతపురం ఎర్రనేలల్లో కోతలయ్యాక రైతు గొర్రెల మందను రాత్రిపూట తన చేలో కట్టించుకుని కాపరికి డబ్బో గింజలో ఇస్తాడు. కాపరికి అది రాబడే. అయితే ఆ పెంటలోని బలమంతా పగలు బీడులో మేసి తెచ్చిందే. 100 కిలోల ఎండు గొర్రె ఎరువులో దాదాపు 3 కిలోల నత్రజని ఉంటుంది, అంటే ఆరున్నర కిలోల యూరియాలో ఉన్నంత. ఏటా ఇలా తరలిపోతుంటే బీడు చిక్కిపోక ఏమవుతుంది?

ఆ బలం తిరిగి రావాలంటే బీడులో మేత విత్తనం చల్లి, అది ఎదిగేదాకా మందను ఆపాలి. నాలుగెకరాల బీడుంటే ముందు ఒక్క ఎకరానికే ముళ్లకంప వేయండి. అసలు ఖర్చు ఇక్కడే ఉంది. 25 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండుమేత తింటుంది. ఎకరం మూసి ఉంచే 120 రోజులకు 20 గొర్రెలకు 2,400 కిలోలు. మూసింది నాలుగో వంతే కాబట్టి లోటు 600 కిలోలు. అంత వేరుశనగ కట్టె మీ ఊళ్లో ఎంతకొస్తుందో, ఆ ఎకరం మూసినందుకు మీకయ్యే ఖర్చు అంత. విత్తనం ఖర్చు అందరూ రాసుకుంటారు, ఈ లోటును రాసుకోరు. అందుకే చాలా చోట్ల పంట కాలం మధ్యలోనే కంప తీసి మందను తోలేస్తారు.

విత్తే ముందు, మే నెలలో కొన్నాళ్లు మందను రాత్రిపూట ఆ ఎకరంలోనే, రోజుకో చోట, కట్టండి. ఆ రాత్రులకు చేను రైతు ఇచ్చేది పోతుంది, దాన్నీ ఖర్చులో వేయాలి.

తర్వాత స్టైలో హమాటా అనే మేతమొక్క విత్తనం, ఎకరానికి 4 కిలోలు. గింజ పైతోలు గట్టిది, నీళ్లు లోపలికి దిగనివ్వదు. పొయ్యి మీంచి దించి కాస్త చల్లార్చిన నీళ్లలో, 80 డిగ్రీల వేడి దగ్గర, 4 నిమిషాలు ఉంచి వెంటనే చన్నీళ్లలోకి మార్చి రాత్రంతా నానబెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే గింజ చస్తుంది. తెల్లారి చూస్తే నీళ్లు పట్టినవి ఉబ్బి కనిపిస్తాయి. నీడన ఆరబెట్టి, ఇసుకతో కలిపి, తొలకరి పదునులో నేలను పైపైన గీరి చల్లాలి. సెంటీమీటరు లోతు దాటితే మొలక పైకి రాదు.

మొదటి ఏడు పలచగానే ఉంటుంది, కంగారు పడొద్దు. గింజ రాలాకే మందను వదలండి. పప్పుజాతి మొక్క కాబట్టి వేరు బుడిపెల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. రెండో ఏడు రాలిన గింజే మొలుస్తుంది, విత్తనం కొనక్కర్లేదు. అప్పుడు కంపను పక్క ఎకరానికి మార్చండి. వేసవిలో కొనే మేత ఎంత తగ్గిందో చూసి రాబడి కింద రాసుకోండి.

ఊరుమ్మడి బీడైతే ఒక్కరు వేసిన కంప నిలవదు. మేపుకునేవాళ్లంతా కూర్చుని, ఆ 600 కిలోల లోటును ఎవరి గొర్రెల లెక్కన వాళ్లు పంచుకున్నాకే మూయాలి.