ఒక్కసారే ఎగిరే రాకెట్లు

పిల్లలూ! సింగరాయకొండ స్టేషనులో చెన్నై వైపు పోయే రైలెక్కితే ఉలవపాడు, కావలి, బిట్రగుంట, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్ళూరుపేట వస్తుంది. సుమారు 180 కిలోమీటర్ల దూరం. అక్కడ దిగి, పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు పట్టుకొని తూర్పుగా పోతే శ్రీహరికోట. దానికి ఒకవైపు సరస్సు, మరొకవైపు బంగాళాఖాతం. 1971 అక్టోబరు 9న ఒక చిన్న రోహిణి రాకెట్టుతో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి.

మన దేశం సొంతంగా తయారుచేసుకున్న మొదటి ఉపగ్రహ వాహకాలు రెండూ అక్కడినుంచే లేచాయి. పెద్దది ఎస్ఎల్‌వీ-3. దాని తమ్ముడు ఏఎస్ఎల్‌వీ. 1979 నుంచి 1994 వరకు రెండూ కలిసి ఎనిమిదిసార్లు ఎగిరాయి. ఆ తరువాత వాటికి సెలవిచ్చేశారు.

సరుకు లారీ గుంటూరు యార్డులో బస్తాలు దింపి, మరునాడు మళ్ళీ మీ ఊరు వస్తుంది. ఈ రాకెట్లు అలా తిరిగి రావు. ప్రతి ప్రయాణానికీ కొత్త రాకెట్టు కావాలి. ఎందరో కొన్నేళ్ళు కష్టపడి చేసిన యంత్రం కొద్ది నిమిషాల్లో ముక్కలు ముక్కలుగా సముద్రం పాలవుతుంది. మరి అది దండగ కాదా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఒక్క టిక్కీకి ఒక లారీ

ఎస్ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు. బరువు 17 టన్నులు. అంటే సరుకు నింపిన లారీ ఎంత ఉంటుందో ఇంచుమించు అంత. అది మోయగల ఉపగ్రహం బరువు ఎంతో తెలుసా? సుమారు 40 కిలోలు! యార్డులో మీరు చూసే ఒక్క మిరపకాయల టిక్కీ బరువన్నమాట.

17,000 కిలోలను 40తో భాగించండి. 425 వస్తుంది. ఒక కిలో ఉపగ్రహాన్ని పైకి పంపడానికి 425 కిలోల రాకెట్టు కావాలి! ఇంత ఎందుకు?

ఉపగ్రహాన్ని ఎత్తుకు చేర్చినంత మాత్రాన పని కాదు. ఎంత ఎత్తునుంచి వదిలినా రాయి కిందికే పడుతుంది. దానిని అడ్డంగా, బహు వేగంగా విసరాలి. అప్పుడు అది కిందికి పడుతున్నా, గుండ్రటి భూమి కూడా దాని కింద అంతే వంపు తిరుగుతూ ఉంటుంది కనుక నేలను తాకదు. భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఇందుకు సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంతో పోతే సింగరాయకొండ నుంచి సూళ్ళూరుపేటకు పాతిక సెకన్లు కూడా పట్టదు!

ఇంత వేగం రావాలంటే చాలా ఇంధనం మండాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం, దానిని మోయడానికి ఇంకొంత. రాకెట్టు బరువంతా ఇలా పెరిగిందే.

ఖాళీ కుండలు మోస్తామా?

ఎండాకాలంలో నాలుగు కుండల నీళ్ళతో దూరప్రయాణం చేస్తున్నామనుకోండి. ఒక కుండ నీళ్ళు అయిపోయాక ఆ ఖాళీ కుండను ఊరు చేరేదాకా మోస్తామా? అక్కడే వదిలేస్తే నడక తేలికవుతుంది.

రాకెట్టు చేసేదీ అదే. ఎస్ఎల్‌వీ-3లో నాలుగు దశలు ఒకదానిపై ఒకటి ఉండేవి. అన్నిటికంటె కింద ఉన్న మొదటి దశలో సుమారు 9 టన్నుల ఇంధనం. అది నిమిషం లోపే మండిపోతుంది. ఆ ఖాళీ గొట్టం ఊడి సముద్రంలో పడుతుంది. వెంటనే రెండవ దశ అంటుకుంటుంది. తరువాత మూడవది, నాలుగవది. బరువు తగ్గుతున్నకొద్దీ వేగం పెరుగుతుంది. చివరికి మిగిలేది ఆ టిక్కీ బరువు ఉపగ్రహమే.

పడిన గొట్టాలను దాచుకోవచ్చు కదా అంటారేమో! క్షేమంగా దిగాలంటే దిగడానికి కూడా ఇంధనం దాచిపెట్టుకోవాలి. 425 కిలోలకు ఒక కిలో మోసే రాకెట్టులో అంత వెసులుబాటు ఎక్కడిది? పైగా దీని నాలుగు దశల్లోనూ ఉన్నది ఘన ఇంధనం. మండే పదార్థాన్నీ, అది మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇచ్చే రసాయనాన్నీ రబ్బరువంటి జిగురుతో కలిపి ముద్దచేసి గట్టిపరుస్తారు. దీపావళి చిచ్చుబుడ్డి ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆపి మళ్ళీ వెలిగించగలమా? ఇదీ అంతే.

తూర్పుకే ఎందుకు?

సింగరాయకొండలో మీరు కదలకుండా కూర్చున్నా, భూమి తనచుట్టూ తాను తిరగడంవల్ల సెకనుకు ఇంచుమించు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నారు. శ్రీహరికోటలో నిలబెట్టిన రాకెట్టుకూ ఆ వేగం ఉచితంగా దొరుకుతుంది. తూర్పుకు ఎగిరితే అది కలిసివస్తుంది. పడమటికి ఎగిరితే అంత వేగం నష్టం. పైగా తూర్పున ఉన్నది సముద్రం. ఖాళీ దశలు పడినా ఊళ్ళకు ముప్పు లేదు. ప్రయోగానికి ముందు ఆ నీళ్ళలోకి వెళ్ళవద్దని పడవలవారిని హెచ్చరిస్తారు.

నాలుగు ప్రయాణాలు

1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 లేచింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో చిక్కు వచ్చింది. రాకెట్టు దారి తప్పకుండా చూసే వ్యవస్థలో ఒక కవాటం మూసుకోక, అందులోని నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. పట్టు తప్పిన రాకెట్టు 317 సెకన్లకు, సుమారు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడిపోయింది. 17 టన్నుల రాకెట్టును ఓడించింది ఒక్క చిన్న కవాటం!

అప్పుడు ఆ పథకానికి నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. ఆ ఓటమి రోజున పత్రికలవారికి జవాబు చెప్పే బాధ్యత ధావన్ తనమీద వేసుకున్నారు. మరుసటి ఏడు గెలిచినప్పుడు మాత్రం ఆ పనికి కలాంను పంపారు. ఈ సంగతి కలాం తరువాత ఎన్నో సభల్లో పిల్లలకు చెప్పారు.

1980 జులై 18 ఉదయం రెండవ రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తన ఉపగ్రహాన్ని తన గడ్డమీదనుంచి తన రాకెట్టుతోనే పంపిన కొద్ది దేశాల సరసన మన దేశం చేరింది.

1981 మే 31న మూడవది ఎగిరింది. కానీ ఉపగ్రహం అనుకున్న ఎత్తు చేరలేదు. అంత తక్కువ ఎత్తులో పలుచగానైనా గాలి ఉంటుంది. ఆ గాలి రాపిడికి వేగం తగ్గి, తొమ్మిది రోజులకే అది కిందికి దిగి కాలిపోయింది. 1983 ఏప్రిల్ 17న నాలుగవది పంపిన ఉపగ్రహం తన కెమెరాతో 2,500కు పైగా చిత్రాలు తీసింది. దానితో ఎస్ఎల్‌వీ-3 పని ముగిసింది.

మూడు గొట్టాల తమ్ముడు

40 కిలోలు చాలవు. 150 కిలోలు మోయాలి. ఎలా? బాగా పనిచేస్తున్న ఆ మొదటి దశనే తీసుకొని, అలాంటివే మరి రెండు దాని చెరొక పక్కన కట్టారు. వీటిని స్ట్రాపాన్ మోటార్లు అంటారు. అలా పుట్టింది 40 టన్నుల ఏఎస్ఎల్‌వీ.

ముందు పక్క మోటార్లు మండాలి. అవి ఆరగానే నడిమిది అందుకోవాలి. చెప్పడం తేలికే! 1987 మార్చి 24న పక్క మోటార్లు మండిపోయాయిగాని నడిమిది అంటుకోలేదు. 1988 జులై 13న అంటుకుంది. అయితే ఒకటి ఆరి, మరొకటి అందుకొనే ఆ కొద్ది క్షణాల్లో రాకెట్టు పట్టు తప్పింది. గాలి ఒత్తిడి బాగా ఎక్కువగా ఉండే ఎత్తు కూడా అదే. రాకెట్టు విరిగిపోయింది.

శాస్త్రజ్ఞులు దాదాపు నాలుగేళ్ళు మరో ప్రయోగం చేయలేదు. ప్రతి భాగాన్నీ తిరిగి పరీక్షించారు. పక్క మోటార్ల బలం తగ్గడాన్ని పసిగట్టి, మధ్యలో ఖాళీ రాకుండా నడిమిది అందుకొనేలా మార్పులు చేశారు. 1992 మే 20న ఉపగ్రహం కక్ష్య చేరింది, కాని అనుకున్నదానికంటె తక్కువ ఎత్తులో. 1994 మే 4న 113 కిలోల ఉపగ్రహం సరైన కక్ష్యలో పడింది. ఆకాశంలో ఎక్కడినుంచో వచ్చే గామా కిరణాల మెరుపులను అది ఏళ్ళ తరబడి గమనించింది.

లెక్క చూడండి. ఎనిమిది ప్రయాణాలు. మూడు పూర్తిగా పోయాయి. రెండు సగం ఫలించాయి. మూడు గెలిచాయి.

దండగ కాలేదు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. పీఎస్ఎల్‌వీ బొమ్మ ఎక్కడైనా దొరికితే చూడండి. అడుగున, లావుపాటి నడిమి గొట్టం చుట్టూ ఆరు సన్నని గొట్టాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి మీటరు వెడల్పు. ఒక్కొక్కదానిలో సుమారు 9 టన్నుల ఇంధనం. ఈ కొలతలు ఎక్కడో విన్నట్లుందా? అవును, ఎస్ఎల్‌వీ-3 మొదటి దశే! 1979లో ఒంటరిగా ఎగిరింది. 1987లో ముగ్గురై ఎగిరింది. 1993 నుంచి పీఎస్ఎల్‌వీ నడుము చుట్టూ ఆరుగురై నిలిచింది.

తరువాత వాటినే పొడవు పెంచి, 12 టన్నుల ఇంధనం పట్టేలా చేశారు. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1ను, 2013 నవంబరు 5న మంగళయాన్‌ను మోసిన పీఎస్ఎల్‌వీలకు తోడ్పడ్డవి అవే. పక్క మోటార్లను ఎలా కట్టాలో, ఎలా విడదీయాలో ఏఎస్ఎల్‌వీ ఓటములే నేర్పాయి.

రాకెట్టులోని లోహం సముద్రంలో పడిపోతుంది. దానిని చేసినవారికి వచ్చిన తెలివి పడిపోదు. పత్తిచేనులో మోడు మిగలకపోయినా మరుసటి ఏటికి విత్తనం మిగిలినట్టే! తిరిగి దిగే రాకెట్లు కూడా ఇప్పుడు వచ్చాయి. అమెరికాలో ఫాల్కన్-9 మొదటి దశ 2015 డిసెంబరులో నేలమీద నిలువుగా దిగింది. మన ఇస్రో 2016 మే 23న రెక్కలున్న వాహనాన్ని శ్రీహరికోట నుంచి పంపి తొలి పరీక్ష చేసింది. కాని ముందుగా ఎగరడం నేర్వనిదే దిగడం నేర్చుకోలేం కదా!

చేసి చూడండి

రెండు కిటికీల మధ్య బిగువుగా దారం కట్టండి. దానికి కూల్‌డ్రింకు తాగే స్ట్రా ముక్క ఎక్కించండి. ఊదిన బుడగ మూతిని వేళ్ళతో పట్టుకొని, బుడగను స్ట్రాకు జిగురు కాగితంతో అంటించి వదలండి. ఎంత దూరం పోయిందో కొలవండి.

ఇప్పుడు స్ట్రాకు చెరొక పక్కన ఒక్కో బుడగ అంటించండి. మొదట రెండూ ఒకేసారి వదలండి. తరువాత ఒకటి పూర్తిగా ఖాళీ అయి స్ట్రా ఆగాక రెండవది వదలండి. చివరిగా, మొదటిది ఇంకా ఖాళీ కాకముందే రెండవది వదలడానికి ప్రయత్నించండి. మీ స్నేహితుని సాయం తీసుకోండి. ఏ పద్ధతిలో ప్రయాణం నిలకడగా సాగింది?

ఆలోచించండి

1. ఏఎస్ఎల్‌వీ ఒక కిలో ఉపగ్రహానికి ఎన్ని కిలోల బరువుండేది? ఎస్ఎల్‌వీ-3 కంటె మేలా, కాదా?

2. ఎస్ఎల్‌వీ-3 నాలుగు దశల బదులు ఒకే పెద్ద గొట్టంతో చేసి ఉంటే ఏమయ్యేది?

3. 1981 నాటి ఉపగ్రహం తొమ్మిది రోజులకే ఎందుకు పడిపోయింది? అది ఇంకా ఎత్తున ఉంటే ఏమయ్యేది?