వినికిడి కేంద్రం పెట్టేవారికి అసలు పోటీ ఎవరు?

ఆడియాలజీ చదివి సొంత ఊరిలో వినికిడి కేంద్రం పెట్టాలనుకునే యువతీయువకుల కోసం, వారికి పెట్టుబడి సమకూర్చే తల్లిదండ్రుల కోసం మేము ఈ పాఠం రాస్తున్నాము. చెవి మిషను కొనదలచిన పెద్దలు కూడా చదివితే, మంచి కేంద్రమేదో గుర్తించగలరు.

షాపుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఊరంతా ఒకసారి తిరిగి చూడండి. చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల క్లినిక్కులు, కంపెనీ షోరూములు, మిషన్లు కూడా అమ్మే కళ్ళద్దాల షాపులు, ఇలా అన్నిటినీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటర్నెట్లో తెప్పించుకునే మిషన్లనూ, 1981 నుండి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకాన్నీ మరువకండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి ఆ పథకం కింద ఉచితంగా మిషను దొరుకుతుంది.

ఒక్కొక్కరి గురించి ఈ నాలుగు విషయాలు తెలుసుకోండి:

1. పరీక్ష: బయటి శబ్దం రాని గదిలో ఆడియోమీటరుతో చేస్తున్నారా? చేసేవారి పేరు 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో ఉందా?

2. ధర: చెప్పిన ధర మిషనుకు మాత్రమేనా? చెవి అచ్చు, తరువాతి సర్దుబాట్లు అందులో కలిసే ఉన్నాయా?

3. తరువాతి సేవ: కొన్నవారు మళ్ళీ వస్తే ఓపికగా చూస్తున్నారా? రిపేరు ఎన్ని రోజులకు అవుతుంది?

4. దూరం: చుట్టుపక్కల పల్లెల నుండి ముసలివారు బస్సులో వచ్చి వెళ్ళగలరా?

ఈ పట్టిక చూశాక చాలామందికి తోచేది, ధర తగ్గించి అమ్మడం. అక్కడే జాగ్రత్తపడాలి. ధర మరీ తగ్గిస్తే, రోగికి ఇచ్చే సమయమూ తగ్గిపోతుంది. కొత్త మిషనులో గిన్నెల చప్పుడు భరించలేనట్లుంటుంది, తన గొంతు తనకే వింతగా వినిపిస్తుంది. అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో పిలిచి సర్దేవారు లేకపోతే మిషను బీరువాలోకి చేరుతుంది. "డబ్బు దండగ" అన్న మాట వీధంతా పాకుతుంది. దానివల్ల ఊరిలోని అన్ని కేంద్రాలకూ నష్టమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, మిషను వల్ల మేలు పొందగలవారిలో దాన్ని వాడుతున్నది సుమారు 17 శాతం మందే. అంటే నూటికి ఎనభై మందికి పైగా ఎదుటి షాపులో లేరు. ఇంట్లో ఒక మూల, ఎవరి మాటా అందక కూర్చుని ఉన్నారు. ఖర్చు భయం, సిగ్గు, "వయసైతే అంతేలే" అన్న మాట, ఇవే మీకు అసలు పోటీ.

డాక్టర్లను కూడా పోటీదారులుగా చూడకండి. చీము కారుతున్నా, గులిమి గట్టిపడినా, వినికిడి హఠాత్తుగా పోయినా ముందు డాక్టరు దగ్గరకే పంపాలి. హఠాత్తుగా పోయినప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు. ఉచిత మిషనుకు అర్హులైన పేదవారికి ఆ సంగతి మీరే చెప్పండి. ఆ రోజు ఒక అమ్మకం పోతుంది గాని, మీ మాట మీద నమ్మకం మిగులుతుంది.

ఇంట్లో చర్చించండి: మన ఊరిలో చెవి మిషను కొని వాడకుండా వదిలేసినవారు ఎవరు? ఎందుకు వదిలేశారు? వారి జవాబులు విన్న తరువాతే ఎక్కడ, ఎలా ప్రారంభించాలో నిర్ణయించుకోండి.