డెల్టా కాలువలలో సరకు పడవలు

గోదావరి డెల్టాలోని పెద్ద కాలువల గట్లవెంట నడచువారికి అక్కడక్కడ రాతికట్టడపు లాకులు కనబడును. పూర్వము ధాన్యపు పడవలు వాని యెదుట వరుసగా నిలిచి తమ వంతుకై వేచియుండెడివి.

ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభించెను. 1852 నాటికి అది ముగిసెను. ఆ కాలువలు వరిచేలకొరకు మాత్రమే త్రవ్వినవి కావు. పొలమునకు నీరును, పడవకు దారియు ఒక్క కాలువతోనే సమకూరవలెనని ఆయన తలంపు. రైలుదారులకంటె జలమార్గములే మన దేశమునకు మేలని ఆయన గట్టిగా వాదించెను.

ఆ వాదమున బలము లేకపోలేదు. బండి లాగు ఎద్దులు ఇరుసు రాపిడికిని, బాట గతుకులకును లోబడవలెను. పడవ బరువును నీరే మోయును. మెల్లగా పోవునంతవరకు దానిని కదల్చుటకు స్వల్పబలము చాలును. కనుకనే గాలి లేనప్పుడు కొద్దిమంది మనుష్యులు గట్టుమీద నడచుచు, టన్నులకొలది ధాన్యమును మోకుతో లాగుకొని పోగలిగిరి. ఆ మోకు వారి భుజములను ఎంత ఒరసెనో కూలి లెక్కలలో కానరాదు. నేటి ప్రభుత్వ లెక్కల ప్రకారము, ఒక లీటరు ఇంధనముతో ఒక టన్ను సరకును లారీ 24 కిలోమీటర్లు, రైలు 85, పడవ 105 కిలోమీటర్లు కొనిపోవును.

అయితే కాలువ సముద్రమువైపు వాలియుండును. వాలు హెచ్చినచో నీరు వడిగా పారి గట్లను కోయును, పడవ ఎదురెక్కజాలదు. అందుచే కాలువను మెట్లుగా విభజించి, మెట్టుమెట్టునకు ఒక లాకు కట్టిరి. రెండు జతల తలుపుల నడుమ గదివంటి తావుండును. ఎగువకు పోవు పడవ అందు ప్రవేశింపగానే దిగువ తలుపులు మూసి, ఎగువ తూములనుండి నీరు వదలుదురు. నీటితోపాటు పడవయు పైకి లేచును. మట్టము సమమైన పిదప ఎగువ తలుపులు తెరతురు. ఇంత బరువును ఎత్తినది నీరే సుమా!

కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు దాటిన పడవ పెదగంజాము వద్ద బకింగుహాము కాలువలో ప్రవేశించి, సముద్రపు అలల బారిన పడకుండ మద్రాసు చేరెడిది. 1806లో మద్రాసు దాపున మొదలైన ఈ కాలువలో, నగరము నడుమనున్న భాగమును 1877-78 నాటి ఘోర క్షామమున కూలికై వచ్చిన పేదలు త్రవ్విరి. నాటి గవర్నరు పేరు దానికి పెట్టిరి. త్రవ్వినవారి పేర్లు ఎచ్చటను లేవు.

1899లో మద్రాసు, విజయవాడలకు రైలుదారి కలిసెను. పిదప లారీలు వచ్చెను. లారీ మిల్లు వాకిటనే బస్తాలెత్తి అంగడి వాకిట దింపును. పడవ సరకునకో, రేవు చేర్చుటకొక బండి, రేవునుండి తెచ్చుటకొక బండి, నాలుగుమార్లు ఎత్తుడు దింపుడు కూలి. నీటిమీద మిగిలిన సొమ్ము గట్టుమీద ఖర్చయ్యెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు పడవలు బురదలో నిలిచెడివి. 1965, 1966 తుపానులు బకింగుహాము కాలువను మరింత చెరచెను.

2008లో కేంద్ర ప్రభుత్వము ఈ దారిని నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించెను. తొందరలేని బరువు సరకులకే నీటిదారి తగును. సిమెంటు, బొగ్గు అట్టివి. కృష్ణ ఒడ్డున ముక్త్యాల పరిసరములలో సిమెంటు కర్మాగారములు పెక్కు కలవు. నదిలో లోతు చూచుకొనవచ్చును. కాలువల సంగతి వేరు: పూడిక తీయవలెను, పడవకు అడ్డువచ్చు పల్లపు వంతెనలను ఎత్తుచేయవలెను, వరిచేలకు నీరు తగ్గకుండ చూడవలెను.