నాలుగున్నరేళ్ల తేడా



డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్లలో తెలివిని నిలబెట్టడం సాధ్యమేనా అని అడిగావు. కొంతమేర సాధ్యమేనని నా నమ్మకం. అయితే ఏది నిలబెడుతున్నామో ముందు తేల్చుకోవాలి. అల్జీమర్స్‌లో పోయిన నాడీకణాన్ని తిరిగి మొలిపించే మందు ఇంతవరకూ లేదు. కానీ మిగిలిన మెదడును వాడుకునే నేర్పు మనిషికీ మనిషికీ మారుతుంది. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 678 మంది క్రైస్తవ సన్యాసినులను ఏళ్ల తరబడి పరిశీలించాడు. మరణానంతరం మెదడు కోసి చూస్తే, నిండా జబ్బు గుర్తులుండీ చివరిదాకా చక్కగా బతికినవాళ్లు అందులో కనబడ్డారు. ఈ నేర్పునే పరిశోధకులు మెదడు ‘నిల్వ’ అంటారు. ఆ నిల్వ బడిలో ఎంత పోగవుతుందో, రోజూ నోట్లో ఆడే భాషలోనూ అంత పోగవుతుందనీ, మన పరిశోధన అక్కడినుంచే మొదలవ్వాలనీ నా వాదన.

నీకు దగ్గరలోనే దానికి ఆధారం ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకి చెందిన థామస్ బాక్ తదితరులు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించారు. వాళ్లలో 391 మంది రెండు గానీ అంతకు మించి గానీ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే వీళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. మూడో భాష, నాలుగో భాష వచ్చినా అదనంగా కలిసొచ్చిందేమీ లేదు. ఎందుకిలా జరుగుతుందో ఊహించడానికి పాతబస్తీలో కూరగాయల బండి చాలు. బేరమాడే మనిషికి ‘ఉల్లిగడ్డ’, ‘ప్యాజ్’ రెండూ ఒకేసారి నాలుక చివరికి వస్తాయి. ఎదుటివాడి ముఖం చూసి ఒకదాన్ని పైకి తెచ్చి, రెండోదాన్ని అణచిపెట్టాలి. పక్కన ఇంకొకరు వచ్చి నిలబడితే మళ్లీ తిరగేయాలి. ఇది రోజుకు వందలసార్లు, యాభై అరవై ఏళ్లపాటు సాగుతుంది. దృష్టి నిలపడం, అడ్డొచ్చినదాన్ని తోసెయ్యడం అనే పనులకు ఇంతకు మించిన సాధన ఏ కంప్యూటర్ ఆటలోనూ లేదు.

రెండు భాషలొచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లో, పట్నంవాళ్లో అయి ఉంటారు కదా, మేలు చేసింది ఆ చదువేనేమో అని నువ్వు అడగకపోతే నీ గురువులు అడుగుతారు. ఈ అనుమానం న్యాయమైనదే. అంతకుముందు కెనడాలోని టొరంటోలో ఇలాంటి ఫలితమే వచ్చినప్పుడు, అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవాళ్లు కావడంతో భాష ఫలమేదో వలస ఫలమేదో విడదీయడం కష్టమైంది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ తెలుగూ దక్కనీ ఉర్దూ ఒకే వీధిలో పుట్టిపెరిగిన భాషలు. పైగా అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అధ్యయనం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. హైదరాబాద్ అధ్యయనం ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క. జబ్బు ఎప్పుడు మొదలైందన్నది ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఎంచుకుని ఏళ్లపాటు గమనించిన అధ్యయనాల్లో, ఉదాహరణకు న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వలసదారులపై జరిగినదాంట్లో, డిమెన్షియా ఆలస్యం కాలేదు. దీన్ని కప్పిపుచ్చకు. పెద్దయ్యాక అవసరానికి నేర్చిన ఇంగ్లిషూ, చిన్ననాటినుంచి వీధిలో రెండువైపులా నడిచే మాటా ఒకటి కావని నేను జవాబు చెబుతాను. కానీ అది జవాబే తప్ప రుజువు కాదు. మన ఊళ్లలోనే జబ్బు రాకముందు నుంచీ మనుషులను గమనించి తేల్చాల్సిన పని మిగిలే ఉంది. అది నీ తరం చెయ్యాలి.

‘ఆలస్యం సరే, ఇప్పటికే జబ్బు పడ్డవాళ్ల మాటేమిటి’ అన్న ప్రశ్న నన్నూ వదలదు. 2003లో లండన్‌లో ఏమీ స్పెక్టర్ బృందం డిమెన్షియా ఉన్న 201 మందితో ఒక ప్రయోగం చేసింది. కొందరిని ఏడు వారాల్లో పద్నాలుగుసార్లు చిన్న గుంపులుగా కూర్చోబెట్టి తిండి గురించీ, చిన్ననాటి సంగతుల గురించీ, డబ్బు వాడకం గురించీ మాట్లాడించారు. మామూలు సంరక్షణలో ఉన్నవాళ్ల కంటే వీళ్ల పరీక్ష మార్కులూ, జీవితం పట్ల తృప్తీ మెరుగుపడ్డాయి. మెరుగు కొద్దిపాటిదే. కానీ అప్పట్లో వాడుకలో ఉన్న మందులిచ్చే మేలుకు అది తీసిపోలేదు. ఆ చికిత్సలో ఉన్నదంతా మాటే. రోగికి సొంతంకాని భాషలో దాన్ని నడిపితే ఏం మిగులుతుంది?

కొలతల దగ్గర రోగి భాషా, చదువూ ఎంత ముఖ్యమో ఇంకా తేటగా కనబడుతుంది. మతి పరీక్షగా లోకమంతా వాడే ముప్పై మార్కుల ప్రశ్నపత్రంలో, కాగితం మీదున్న వాక్యాన్ని చదివి అలా చెయ్యమంటారు, సొంతంగా ఒక వాక్యం రాయమంటారు. బడి ముఖం చూడని ఒక పెద్దావిడ జబ్బేమీ లేకుండానే అక్కడ మార్కులు పోగొట్టుకుంటుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన మేరీ గంగూలీ బృందం 1990ల్లో ఈ ప్రశ్నపత్రాన్ని హిందీలోకి మార్చేటప్పుడు మాటకు మాట తర్జుమా చెయ్యలేదు. ‘నా ముఖం చూసి నేను చేసినట్టే చెయ్యండి’ అని కళ్లు మూసి చూపించారు. వాక్యం రాయమనే బదులు ‘మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి’ అన్నారు. ఇలా మార్చితే పరీక్ష ప్రమాణం దిగజారుతుందని కొందరంటారు గానీ, జబ్బును కొలవాల్సిన పరీక్ష చదువును కొలుస్తుంటే తప్పు రోగిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షల సంపుటి తయారుచేయించింది. దాన్ని తప్పక చూడు.

చూశాక ఒక పని చెయ్యి. అందులోని ప్రశ్నలను ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒకామెకూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకాయనకూ ఆగకుండా చదివి వినిపించు. ఎక్కడ ‘ఏందీ?’ అన్నారో, ఎక్కడ ‘ఏటీ?’ అన్నారో ఆ ప్రశ్న పక్కన గుర్తుపెట్టి నాకు రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి