స్వామీజీకి దారిలో అన్నం పెట్టినవాళ్ళు: వివేకానందుల పరివ్రాజక యాత్ర

మహనీయుల జీవితాల్లో యాత్రలు ఏం చేశాయి అన్న మన పాఠాల వరుసలో ఈ వారం స్వామి వివేకానంద. వీడియోలో ఐదేళ్ళ ప్రయాణాన్ని కొద్ది నిమిషాల్లో పరిగెత్తించాల్సి వచ్చింది. అక్కడ చెప్పలేకపోయినవి ఇక్కడ నెమ్మదిగా చూద్దాం.

చికాగో సభ మనందరికీ తెలుసు. 1893 సెప్టెంబర్ 11. స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉంటే కాషాయం తలపాగా కట్టుకున్న పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. కానీ ఆ వేదిక ఎక్కే ముందు, 1888 నుంచి 1893 మే దాకా, ఆయన ఈ దేశంలో తిరిగిన తిరుగుడు గురించి మనం ఒక్క వాక్యంలో సరిపెట్టేస్తాం: "దేశమంతా పర్యటించారు". అంతే. నాకైతే అసలు పాఠం అందులోనే ఉందనిపిస్తుంది.

ముందు కొంచెం నేపథ్యం. 1886 ఆగస్టు 16న శ్రీరామకృష్ణ పరమహంస మహాసమాధి చెందారు. శిష్యుల్లో చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు. కలకత్తా దగ్గర బరానగర్‌లో ఒక పాడుబడ్డ ఇల్లు అద్దెకి తీసుకుని మఠంగా ఉన్నారు. మన నరేంద్రుడికి అప్పటికి 23 ఏళ్ళు. కొన్నాళ్ళకి ఒక్కొక్కరూ తీర్థయాత్రలకి బయల్దేరారు. సన్యాసి ఒకచోట నిలిచిపోకూడదు, నిలిస్తే మమకారం పుడుతుంది, అందుకని తిరుగుతూ ఉండాలి. పరివ్రాజకుడు అంటే అదే. అంటే బయల్దేరింది బంధాలు తెంచుకోవడానికి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను చేసే ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు ఒకటుంది. ఏదైనా అర్థం కాకపోతే ఎక్సెల్ షీట్‌లో పెట్టేస్తాను. స్వామీజీ యాత్రని కూడా అలాగే పెట్టాను: ఊరు, నెల, ఎలా వెళ్ళారు, ఎవరింట్లో ఉన్నారు. మొదటి మూడు వరసలూ ఏ మ్యాప్ చూసినా దొరుకుతాయి. ఆ నాలుగో వరస నింపుతుంటే మాత్రం ఆగిపోయాను. స్టేషన్ మాస్టర్, ప్రభుత్వ డాక్టర్, ఉర్దూ చెప్పే మౌల్వీ, ముస్లిం వకీలు, రాజు, అడవుల శాఖ అధికారి, మైసూరు దివాన్. మధ్యమధ్యలో ఏ ఇల్లూ లేని రోజులు, ఏ తిండీ లేని రోజులు. ఆయన చేతిలో డబ్బు ఉంచుకునేవారు కాదు. ఎవరైనా టికెట్ కొనిస్తే రైలు, లేకపోతే నడక. అంటే ఆ పూట తిండి ఎవరు పెడతారన్నది ఆయన చేతుల్లో లేదు.

1888లో జరిగింది చూడండి. కాశీ, అయోధ్య, లక్నో, ఆగ్రా చూసుకుని బృందావనం దారిలో నడుస్తున్నారు. దారి పక్కన ఒకాయన చిలుం పీలుస్తూ కనిపించాడు. స్వామీజీకి పొగాకు అలవాటు ఉంది, దాచే విషయం కాదు. నాకూ ఒక దమ్ము ఇవ్వమని అడిగారు. అతను వెనక్కి తగ్గి, నేను పాకీ పని చేసే కులం వాణ్ణి మహరాజ్ అన్నాడు. స్వామీజీ చెయ్యి వెనక్కి తీసుకుని ముందుకి నడిచారు. కొంతదూరం పోయాక ఆలోచన మొదలైంది: నేను సన్యాసం తీసుకున్నాను, కులం, కుటుంబం అన్నీ వదిలేశాను, ఇన్నాళ్ళూ ఆత్మ ఒక్కటే అని చెప్తున్నాను, మరి ఇప్పుడు వెనక్కి తగ్గిందెవరు? వెంటనే తిరిగొచ్చి, అతను వద్దంటున్నా పట్టుబట్టి, అదే చిలుం తీసుకుని పీల్చారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో అన్నీ పాసైన కోడ్ లైవ్‌లోకి వెళ్ళాక మొదటి గంటలోనే ఆగిపోయినట్టు. బరానగర్ మఠంలో కూర్చుని అద్వైతం ఎంత చదివినా ఈ పరీక్ష రాదు. అక్కడ అందరూ మనవాళ్ళే. చిలుం ఇచ్చే మనిషి దారిలోనే ఎదురవుతాడు.

అదే యాత్రలో హాథ్రస్ స్టేషన్. అక్కడి అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ శరత్ చంద్ర గుప్త. ప్లాట్‌ఫాం మీద కూర్చున్న సాధువుని చూసి, ఆకలిగా ఉందా స్వామీ అని అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు. కొన్ని రోజుల్లోనే శిష్యుడవుతానన్నాడు. స్వామీజీ పెట్టిన పరీక్ష ఏంటో తెలుసా? భిక్షాపాత్ర పట్టుకుని ఇదే స్టేషన్ కూలీల దగ్గర అడుక్కునిరా అన్నారు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన కూలీలు! ఆయన వెళ్ళి అడుక్కునొచ్చాడు. తర్వాత ఆయనే స్వామి సదానంద అయ్యారు.

1890 మొదట్లో ఘాజీపూర్‌లో పవహారీ బాబాని కలిశారు. నేలమాళిగ గుహలో ఉండే మహాయోగి ఆయన. ఆయన దగ్గర యోగం నేర్చుకుని తానూ అలా మునిగిపోవాలని స్వామీజీ కోరిక. కానీ ఆ దీక్ష జరగలేదు. జూలైలో హిమాలయాలకి బయల్దేరారు, ఇక గట్టిగా తపస్సే అని. అక్కడా జరగలేదు. తోడుగా వచ్చిన అఖండానంద స్వామి జబ్బుపడ్డారు. అల్మోరాలో ఉండగా ఇంటి నుంచి కబురు: సోదరి ఆత్మహత్య చేసుకుంది. సన్యాసికి ఇల్లు లేదంటాం. కానీ ఆ కబురు గుండెకి తగలకుండా ఉండదు కదండీ. మన దేశంలో ఆడవాళ్ళ స్థితి గురించి ఆయన తర్వాత అంత తీవ్రంగా మాట్లాడటం వెనక ఈ గాయం ఉందని జీవిత చరిత్ర రాసినవాళ్ళు అంటారు.

ఆ అల్మోరా దారిలోదే ఇంకో సంఘటన. ఆకలితో, నడకతో ఒళ్ళు తూలి ఒక శ్మశానవాటిక దగ్గర పడిపోయారు. అక్కడ జుల్ఫికర్ అలీ అనే ఫకీరు ఉండేవాడు. అతని దగ్గరున్నది ఒక్క దోసకాయ. తెచ్చి ఇస్తే, చేతులు ఆడట్లేదు, నోట్లో పెట్టమన్నారు స్వామీజీ. నేను ముసల్మానుని అన్నాడు ఫకీరు. అయితే ఏం, మనం అన్నదమ్ములమే కదా అన్నారు స్వామీజీ. ఆ దోసకాయతోనే తేరుకున్నారు. 1897లో, ప్రపంచమంతా పేరొచ్చాక, అల్మోరాలో ఆయనకి పెద్ద స్వాగతం చేశారు. ఆ జనంలో ఒక పక్కన నిలబడ్డ ఫకీరుని గుర్తుపట్టి, దగ్గరికి పిలిచి, నా ప్రాణం నిలబెట్టింది ఈయనే అని అందరికీ పరిచయం చేశారు.

1888లో చిలుం దగ్గర వెనక్కి తగ్గిన మనిషి, రెండేళ్ళకే ఇలా అడగగలిగారు. 1891లో అల్వర్‌లో అయితే మౌల్వీ గారే మొహమాటపడ్డారు. మీకు భోజనం పెట్టాలని ఉంది, బ్రాహ్మణుల చేత వంట చేయిస్తాను, గిన్నెలు కూడా వాళ్ళ ఇళ్ళ నుంచే తెప్పిస్తాను అని. స్వామీజీ సంతోషంగా వెళ్ళి తిన్నారు. ఆ ఊళ్ళోనే పండిట్ శంభునాథ్ అనే రిటైర్డ్ ఇంజనీర్ ఇంట్లో కూడా ఉన్నారు. (మా జాతి వాళ్ళు కూడా పుణ్యం కట్టుకున్నారని చెప్పడానికి ఈ మాట రాశాను.) తర్వాత మౌంట్ అబూలో ముస్లిం వకీలు గారి ఇంట్లో. అక్కడికొచ్చిన ఖేత్రీ రాజుగారి కార్యదర్శి, హిందూ సన్యాసి అయ్యుండి ఇక్కడెలా ఉంటున్నారని అడిగేశాడు కూడా.

అలాగని ఆయన మార్పు మెట్టు మీద మెట్టులా నిటారుగా పైకి పోలేదు. ఖేత్రీ రాజు అజిత్ సింగ్ ఆతిథ్యంలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం నాట్యగత్తె పాట ఏర్పాటైంది. సన్యాసిని, అక్కడ ఉండకూడదని స్వామీజీ రానన్నారు. ఆవిడకి ఆ మాట తెలిసి సూరదాసు కీర్తన ఎత్తుకుంది. భగవంతుడు సమదర్శి, నా దోషాలు ఎంచవద్దు అన్న భావం. గోడ అవతల నుంచి విన్న స్వామీజీ కదిలిపోయి లోపలికొచ్చారు. చిలుం నాడు అడ్డొచ్చింది కులం, ఈసారి అడ్డొచ్చింది సన్యాసం! వదిలేశాం అనుకున్నది ఇంకో వేషంలో వస్తుంది. దాన్ని బయటపెట్టింది ఏ పండితుడూ కాదు, ఆవిడ.

రాజస్థాన్‌లోనే ఇంకొకటి. ఒక స్టేషన్‌లో జనం మూడు రోజులు ఆయన చుట్టూ చేరి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. వేదాంతం, ధర్మం, అన్నీ. తిన్నారా అని ఒక్కరూ అడగలేదు. అందరూ వెళ్ళాక ఒక పేదవాడు దగ్గరికొచ్చి, మూడు రోజులుగా మీరు మంచినీళ్ళు కూడా తాగలేదు స్వామీ అన్నాడు. చెప్పులు కుట్టే కులం. నేను వండింది పెడితే తప్పవుతుంది, పిండి తెచ్చిస్తాను, మీరు కాల్చుకోండి అన్నాడు. నువ్వు చేసిన రొట్టెలే పెట్టు అన్నారు స్వామీజీ. రాజుకి తెలిస్తే శిక్ష పడుతుందని భయపడుతూనే తెచ్చాడు. ఈ రొట్టెల ముందు ఇంద్రుడి అమృతం కూడా చాలదు అనిపించిందని స్వామీజీ తర్వాత చెప్పుకున్నారు. సత్సంగం పేరుతో వీడియోలు చేసే మాలాంటి వాళ్ళం ఆ మూడు రోజుల జనంలో ఉన్నామా, ఆ ఒక్కడిలో ఉన్నామా అని ఈ కథ చదివినప్పుడల్లా నాకు సందేహం వస్తుంది.

మా నాయనమ్మ కిందటేడు ప్యాకేజీలో కాశీ వెళ్ళొచ్చింది. మన వంటవాళ్ళే, మన సాంబారే, బస్సులో అంతా మన జిల్లా వాళ్ళే. కాశీలో ఎవరితో మాట్లాడావు నాయనమ్మా అంటే, "ఎవరితో మాట్లాడతాన్రా, మన బస్సు వాళ్ళతోనే" అంది. డెబ్భై ఏళ్ళ మనిషికి అది అవసరం, నేను తప్పు పట్టను. కానీ మోకాళ్ళు బాగున్న మనం కూడా అలాగే వెళ్తున్నాం. దర్శనం స్లాట్ బుక్ అవుతుంది, రూమ్ బుక్ అవుతుంది, పరాయి మనిషి చేతి ముద్ద తినాల్సిన పరిస్థితి ఒక్కటి కూడా రాకుండా తిరిగొచ్చేస్తాం.

సరే, యాత్రలోకి వద్దాం. గుజరాత్, బొంబాయి, పూనా, బెల్గాం, మైసూరు, తిరువనంతపురం దాటి 1892 డిసెంబర్ చివర్లో కన్యాకుమారి చేరారు. అమ్మవారి దర్శనం చేసుకుని, సముద్రంలో ఉన్న శిల మీద కూర్చున్నారు. ఏం ఆలోచించారో ఆయన మాటల్లోనే ఉంది, 1894 మార్చి 19న రామకృష్ణానంద స్వామికి అమెరికా నుంచి రాసిన ఉత్తరంలో. ఇంతమంది సన్యాసులం తిరుగుతూ జనానికి వేదాంతం చెప్తున్నాం, ఇది పిచ్చితనం, ఖాళీ కడుపుకి మతం ఎక్కదని గురువుగారు అనేవారు కదా అని రాశారు. మరి ఏం చెయ్యాలి? సన్యాసులు ఊరూరా వెళ్ళి పటాలు, భూగోళాలు, కెమెరాలు పెట్టుకుని పేదలకి చదువు చెప్పాలట. 1894లో కెమెరా! నాకైతే ముచ్చటేసింది. ఈ ఆలోచన గుహలో పుట్టేది కాదు. ఐదేళ్ళు ఆకలి అంటే ఏంటో తన కడుపుతో తెలుసుకున్న మనిషికి పుట్టింది.

తర్వాత మద్రాసు, అక్కడి నుంచి మన ఊరు. 1893 ఫిబ్రవరి 10న హైదరాబాద్ స్టేషన్‌లో దిగేసరికి వందల మంది వచ్చారు. ఉన్నది నిజాం ప్రభుత్వ ఇంజనీర్ మధుసూదన్ చటర్జీ గారింట్లో (చూశారా, మళ్ళీ ఇంజనీరే). నవాబ్ ఖుర్షీద్ జా గారిని కలిశారు. ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, వెయ్యి మందికి పైగా జనం ముందు, పశ్చిమ దేశాలకి తాను ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారో ఇంగ్లీషులో చెప్పారు. అంత పెద్ద సభలో మాట్లాడగలనన్న నమ్మకం ఆయనకి ఇక్కడే కుదిరిందంటారు. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ఒకసారి ఆగి చూడండి.

ఖర్చులకి డబ్బులు రాజులే ఇచ్చారని చాలామంది అనుకుంటారు. ఖేత్రీ రాజు చాలా చేశారు, నిజమే. స్వామీజీ తల్లిగారికి నెలకి 100 రూపాయలు పంపింది కూడా ఆయనే. కానీ మద్రాసులో అళసింగ పెరుమాళ్ అనే స్కూల్ మాస్టారు గడప గడపకీ తిరిగి చందాలు పోగేశారు. నేను వెళ్ళేది మామూలు జనం కోసమైతే, మామూలు జనమే పంపాలని స్వామీజీ ఆయనతో అన్నారు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఓడ ఎక్కడానికి బొంబాయి వెళ్తూ, దారిలో అబూ రోడ్ స్టేషన్‌లో గురుభాయిలు బ్రహ్మానంద, తురీయానంద స్వాములని కలిశారు. ఎన్నాళ్ళకో కలిసిన అన్నదమ్ములు. ఏం సాధించావని అడిగితే సమాధి గురించి చెప్పొచ్చు, దర్శనాల గురించి చెప్పొచ్చు. ఆయన చెప్పింది వేరు. హరిభాయ్, మీరు మతం అనేది ఏంటో నాకు ఇంకా అర్థం కాలేదు, కానీ నా గుండె చాలా పెద్దదైంది, ఇతరుల బాధ నా బాధగా తెలుస్తోంది అన్నారు. ఆ మాట అంటూ గొంతు పూడుకుపోయి, కన్నీళ్ళు పెట్టుకున్నారు. తురీయానంద స్వామి స్వయంగా చెప్పుకున్న జ్ఞాపకం ఇది. బంధాలు తెంచుకోవడానికి బయల్దేరారని మొదట్లో అనుకున్నాం కదా. ఐదేళ్ళకి ఆయన చుట్టూ మిగిలినవి ఇవీ.

1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. కొలంబో, సింగపూర్, హాంగ్‌కాంగ్ మీదుగా జపాన్. అక్కడి యోకోహామా నుంచి జూలై 10న మద్రాసు మిత్రులకి రాసిన ఉత్తరాన్ని వచ్చే వీడియోలో కలిసి చదువుదాం. తెలుగు అనువాదం రామకృష్ణ మఠం పుస్తకాల్లో దొరుకుతుంది. వీలైతే ముందే ఒకసారి చదివి రండి. ఆ ఉత్తరంలో మన కుర్రాళ్ళని బాగానే తిట్టారు, సిద్ధపడి రండి.