విస్తరిలో పాళ్ళు – పిల్లల ఆరోగ్యము

తల్లిదండ్రులకు మనవి.

కడుపు నిండినంత మాత్రమున శరీరమునకు పోషణ లభించినట్లు కాదు. ఈ భేదమును గ్రహింపకపోవుట మధుమేహము, హృద్రోగము పెరుగుటకు ఒక ముఖ్యకారణము. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో నున్నారు. మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి అంచున నున్నారు.

అన్నము జీర్ణమై చక్కెరగా మారి రక్తమున చేరును. ఆ చక్కెరను శరీరకణములలోనికి పంపుటకు ఇన్సులిను తోడ్పడును. దంపుడు బియ్యములోని తవుడునందు పీచు గలదు. అందుచే చక్కెర మెల్లగా రక్తమున చేరును. మరపట్టిన తెల్లబియ్యములో ఆ పీచు చాలవరకు పోవును. చక్కెర వేగముగా చేరును. శ్రమ తగ్గి, నడుము చుట్టు కొవ్వు పెరిగినచో ఇన్సులిను పని మందగించును. రక్తమున నిలిచిన చక్కెర ఏండ్ల తరబడి రక్తనాళములను చెరుపును. కావుననే మధుమేహము గలవారికి గుండెజబ్బు భయము అధికము.

తెల్లబియ్యపు దోషము క్రొత్తగా తెలిసినది కాదు. తవుడు పోయిన బియ్యమే ముఖ్యాహారమైనవారికి బి1 విటమిను లోపించి బెరిబెరి వచ్చుచుండెను. ఆ వ్యాధిని పరిశోధించుటకు 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే నేటి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థగా వృద్ధిచెందినది.

అయినచో, బియ్యము మాని రాగులు, కొర్రలు తిన్న చాలునా? చాలదు. 2025లో ప్రకటితమైన పై మండలివారి పరిశీలన ప్రకారము మన ఆహారశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నది. ఆ మొత్తము తగ్గనిదే, ధాన్యమును మార్చినంత మాత్రమున ప్రమాదము తగ్గినట్లు కానరాలేదు. పిండిపదార్థములకు బదులు కొంత పప్పు, పాలు, పెరుగు వంటివి చేరినచో ప్రమాదము తక్కువగా కనబడినది. ధాన్యముల వాటా 45 శాతము మించరాదని పోషకాహార సంస్థవారు 2024లో సూచించిరి.

ఇప్పుడు మన పిల్లల మధ్యాహ్నపు డబ్బా చూడుడు. ముప్పాతిక భాగము పులిహోర. ప్రక్కన ఆలుగడ్డ వేపుడు. ఆలుగడ్డయు పిండిపదార్థమే గదా! దోషము మన వంటకములలో లేదు, పాళ్ళలో నున్నది. కందిపప్పు, పెసరపప్పు, తోటకూర, బచ్చలి, మజ్జిగ మన యింటివే. కావున ఈ నియమములు పాటింపుడు:

1. విస్తరిలో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. అన్నము తగ్గించి పప్పు పెంచవలెను.
2. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పును గూడ ఈ లెక్కలో చేర్చవలెను. ఉప్పు అధికమైన రక్తపోటు పెరుగును.
3. కాగిన నూనెను మరల మరల కాచి వాడరాదు.
4. తీపి పానీయములకు బదులు మంచినీరు, మజ్జిగ ఈయవలెను.
5. సాయంకాలము పిల్లలను ఒక గంట ఆడనీయవలెను.

ఇదివరకే మధుమేహమునకు మందు వాడువారు మాత్రము వైద్యుని అడిగియే ఆహారము మార్చుకొనవలెను.

తరతరములుగా పొరుగు రాష్ట్రమున నున్నను మన పిల్లలకు తెలుగు అబ్బినదనిన, అది ఇంట పెద్దలు పలుకుటచేతనే. రుచియు అట్టిదే. తండ్రి కూర ప్రక్కకు నెట్టినచో బిడ్డయు నెట్టును. బడిలో మేము పాఠము మాత్రము చెప్పగలము. విస్తరి వడ్డించువారు మీరే.