మౌనానికి టైంటేబుల్ వేయండి

"నాకు సైలెంట్‌గా కూర్చోవడం రాదండీ, నా నేచరే అంత." ఈ మాట మీరూ ఏదో ఒకరోజు అనే ఉంటారు. ఇవాళ్టి నుంచి మానేయండి. మౌనం ఎవరికీ పుట్టుకతో రాదు. నేర్చుకుంటే వస్తుంది.

నమ్మకం కుదరడం లేదా? సెయింట్ బ్రూనోని చూడండి. ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో ఆయన పేరున్న అధ్యాపకుడు. మాట్లాడటమే వృత్తి. అలాంటి మనిషి 1084లో ఆరుగురు సహచరులతో గ్రనోబుల్ దగ్గరి కొండల్లోకి వెళ్లి, మౌనంగా ప్రార్థించే జీవితం మొదలుపెట్టాడు. ఆయన బాటలో నడిచే కార్తూసియన్ సన్యాసులు ఇప్పటికీ అక్కడి గ్రాండ్ షార్ట్రూజ్ మఠంలో ఉన్నారు.

వాళ్ల డైలీ రొటీన్ గమనించండి. ఒక్కొక్కరికీ ఒక చిన్న ఇల్లు, కాస్త తోట, పని చేసుకోవడానికి గది. భోజనం గోడలోని చిన్న తలుపులోంచి అందుతుంది. అర్ధరాత్రి లేచి చర్చికి వెళ్తారు. రెండు మూడు గంటలు కీర్తనలు పాడి, మళ్లీ వచ్చి పడుకుంటారు. వారానికోసారి మాత్రం కలిసి కొండల్లో నడుస్తూ మనసారా మాట్లాడుకుంటారు.

అవును, అక్కడ మాటకూ టైం ఉంది. మౌనానికీ టైం ఉంది. మూడ్ వచ్చినప్పుడు చూద్దాం అని ఎవరూ అనుకోరు. మీరు పట్టుకోవాల్సిన పాయింట్ ఇదే. మూడ్ కోసం ఎదురుచూసేవాళ్లకు మౌనం ఎప్పటికీ దొరకదు.

ఇక మన ప్రార్థన సంగతి. చాలామంది మోకరిస్తారు, కోరికల లిస్టు చదువుతారు, ఆమెన్ అని లేచిపోతారు. దేవుడు జవాబిచ్చేలోపు మనం గదిలోనే ఉండం! హోరేబు కొండ మీద ఏలీయాకు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. దేవుడు వాటిలో లేడు. ఆ తర్వాత వినిపించిన నెమ్మదైన స్వరంలో పలికాడు. యేసు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త చెబుతుంది. జనం ఆయన్ని వెతుక్కుంటున్న రోజులవి. అంత బిజీలోనూ ఆయన టైం తీసుకున్నాడు.

మీరు ఎలా మొదలుపెట్టాలి?

స్టెప్ 1: రాత్రికి తాళం వేయండి. 6వ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠానికి నియమావళి రాశాడు. రోజులో చివరి ప్రార్థన అయ్యాక ఎవరూ మాట్లాడకూడదన్నది అందులో ఒక రూల్. మీరూ పాటించండి. కుటుంబ ప్రార్థన అయ్యాక టీవీ లేదు, ఫోన్ లేదు, రేపటి గొడవల చర్చ లేదు.

స్టెప్ 2: ఉదయం 20 నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఒక చిన్న పదం ఎంచుకోండి. యేసు, తండ్రీ, శాంతి, మీకు ఏది దగ్గరగా ఉంటే అది. ఆలోచన రాగానే దానితో పోట్లాడొద్దు. నెమ్మదిగా ఆ పదం దగ్గరికి తిరిగి రండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ట్రాపిస్ట్ సన్యాసులు 1970లలో ఈ పద్ధతిని మామూలు జనానికి నేర్పారు. సెంటరింగ్ ప్రేయర్ అంటారు. వాళ్లు రోజుకు రెండుసార్లు చేయమంటారు. మీరు ఒక్కసారితో మొదలుపెట్టండి, చాలు.

కొన్నాళ్లకు బోర్ వస్తుంది. తప్పకుండా వస్తుంది. ఇక్కడే ఎక్కువమంది వదిలేస్తారు, అందుకే ఇది జాగ్రత్తగా చదవండి. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ బోర్ గురించి వివరంగా రాశాడు. మధ్యాహ్నం వేళ సన్యాసికి పొద్దు కదలనట్టే ఉంటుంది. మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. భోజనం వేళకు ఇంకా ఎంతుందోనని బయటికొచ్చి సూర్యుణ్ణి చూస్తాడు. ఎవరైనా వస్తే బాగుండు అనుకుంటాడు. ఈ చోటు నాకు సరిపడదు, ఇంకెక్కడైనా అయితే బాగా ప్రార్థించేవాణ్ణి అనిపిస్తుంది.

మీకు తెలిసిన పరిస్థితే కదూ? కిటికీ బదులు ఫోన్ స్క్రీన్, అంతే తేడా. దీనికి ఎడారి గురువులు చెప్పిన ఉపాయం ఒక్కటే: గది వదలకండి. బోర్ కొట్టినా 20 నిమిషాలూ పూర్తయ్యాకే లేవండి. అబ్బా అగథాన్ అనే మరో ఎడారి సన్యాసి మాట అదుపులోకి వచ్చేదాకా మూడేళ్లు నోట్లో రాయి పెట్టుకున్నాడని ఎడారి గురువుల సంప్రదాయం చెబుతుంది. అంత పెద్ద గురువుకే మూడేళ్లు పట్టింది. మీకు మూడు నెలలు పడితే నిరాశ ఎందుకు?

స్టెప్ 3: మౌనాన్ని ఆయుధంగా వాడకండి. భార్య మీద అలిగి మాట్లాడకపోవడం, అత్తగారికి జవాబివ్వకుండా ముఖం తిప్పుకోవడం మౌనం కాదు, శిక్ష వేయడం. బెనెడిక్ట్ కూడా అతిథి వస్తే రాత్రి మౌనం పక్కనపెట్టి మాట్లాడమన్నాడు. మనిషి ముందు, రూల్ తర్వాత. మీ మనసు బాగా కుంగిపోయి ఉన్నా అంతే. అప్పుడు ఒంటరిగా కూర్చోకండి. ముందు నమ్మకమైన వాళ్లతోనో డాక్టర్‌తోనో మాట్లాడండి.

మీరు చేయగలరు. అలారం ఇప్పుడే పెట్టుకోండి. ఆ 20 నిమిషాలు పిలవొద్దని ఇంట్లో వాళ్లకు ఈ రాత్రే చెప్పేయండి.